తెడ్డు పట్టిన వడ్రంగి



మా మెదకు చెంత మంజీరయందు పుట్టి నడుపు జాలరి ముందునకు చూచుచు తెడ్డు వేయును. పందెపుపడవ నడుపువా డట్లు కాదు. అతడు గమ్యమునకు వీపు త్రిప్పి కూర్చుండి, రెండు చేతులతో రెండు తెడ్లు లాగును. విడిచివచ్చిన నీరే అతనికి కానవచ్చును. ఎదుట నేమున్నదో తల త్రిప్పి చూచినగాని తెలియదు. ఈ విద్యలో అగ్రగణ్యుడైన యొక ఆస్ట్రేలియా దేశీయుని గూర్చి నేడు మనవి చేసెదను.

అతని పేరు హెన్రీ రాబర్టు పియర్సు. లోకులు బాబీ యని పిలిచిరి. 1905లో సిడ్నీ నగరమున జన్మించెను. తండ్రియు పడవపందెములలో పేరొందినవాడే. బాబీ వృత్తి వడ్రంగము. 1928లో ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్ క్రీడలలో ఒంటరిపడవ పందెమునకు దిగెను. ఒకనాటి పోటీలో నడికాలువలో నుండగా ఒడ్డున జనులు కేకలు వేసిరి. తల త్రిప్పి చూడగా బాతుల కుటుంబమొకటి వరుసగా కాలువ దాటుచుండెను. పియర్సు తెడ్లు నిలిపి, అవి దాటువరకు ఆగెను. ఫ్రెంచి ప్రతిస్పర్ధి ముందునకు సాగిపోయెను. అయినను పియర్సు వానిని దాటి గెలిచెను. తుదకు స్వర్ణపతకమును బడసెను.

ఇట్టివానికి ఆ యేటనే ఇంగ్లండులోని హెన్లీ పందెములలో ప్రవేశము దొరకలేదు. చేతిపనిచే బ్రతుకువాడు అమెచ్యూరు క్రీడాకారుడు కాజాలడని అచ్చటి నిబంధన. ఉలి పట్టిన చేయి ఆ నదిలో తెడ్డు పట్టరాదట!

1930లో కెనడాలోని హామిల్టనునందు జరిగిన బ్రిటిషు సామ్రాజ్య క్రీడలలో పియర్సు గెలిచి, ఆ దేశముననే నిలిచిపోయెను. ద్యూయరు ప్రభువను విస్కీ వ్యాపారి అతనికి సరకు అమ్ముపని నిచ్చెను. అంతట హెన్లీ తలుపులు తెరచుకొన్నవి! 1931లో అచ్చటి డైమండ్ స్కల్సు బహుమానమును గెలుచుకొనెను. చేతులు మారలేదు, బలము మారలేదు. మారినది జీవనోపాధి మాత్రమే. 1932లో లాస్ ఏంజెలిసునందు మరల ఒలింపిక్ స్వర్ణము పొందెను. ఒంటరిపడవ పందెమున వరుసగా రెండుమారులు గెలిచినవాడు అంతకు పూర్వము లేడు. 1933లో వృత్తి క్రీడాకారులలోను ప్రపంచవిజేత యయ్యెను. 1976లో టొరాంటోలో కన్నుమూసెను.

1936లో ఆస్ట్రేలియా ఒలింపిక్ పడవజట్టువారు పోలీసులగుటచే, వారినిగూడ చేతిపనివారిగ నెంచి హెన్లీవారు చేర్చుకొనలేదు. నిందలు మిక్కుటమయ్యెను. 1937లో ఆ నిబంధన తొలగిపోయినది.

ఈ కథ మనకేల యందురా? మన దేశమున ఈ క్రీడ పెద్దపట్టణముల బోటుక్లబ్బులలో పెరిగినది. నీటిని పుట్టువుతో నెరిగిన జాలరిబిడ్డలు మాత్రము ఒడ్డుననే నిలిచి చూచుచున్నారు. వ్రాసిపెట్టిన నిషేధము లేకున్నను, పిలుచువారు లేకపోవుటయు నిషేధమే గదా! తెడ్డు పట్ట నేర్చిన బిడ్డను తెడ్డుచేతనే పరీక్షింపుడు. తండ్రి చేయు పని యేమని యడుగకుడు.