ఊళ్లు ఖాళీ చేయించిన సైన్యాలు



అడవిలోకి సైన్యం దిగడం న్యాయమా కాదా అన్న వాదన ఈ ఖమ్మం, భద్రాచలం ప్రాంతంలో డెబ్బై ఏళ్లకు పైగా నడుస్తూనే ఉంది. ఇవాళ దాని జోలికి పోను. తుపాకీ పట్టుకుని వచ్చినవాడు గూడెంలో ఎలా మసిలాడు, ఆ తర్వాత గూడెం ఎటు మొగ్గింది, అంతవరకే మాట్లాడతాను.

1948 సెప్టెంబర్ 13న యూనియన్ సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. అప్పటికి ఖమ్మం వరంగల్ జిల్లాలో ఉండేది. గోదావరి అవతల భద్రాచలం మద్రాసు వాళ్లది. రజాకార్ల చేతుల్లో నలిగిన పల్లెలు యూనియన్ సైన్యాన్ని చూసి ఊపిరి పీల్చుకున్నాయి. ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. కమ్యూనిస్టులు నడిపిన రైతాంగ సాయుధ పోరాటానికి జడిసి పట్నాలకు పారిపోయిన దొరలు, దేశ్‌ముఖులు అదే సైన్యం వెనకాల తిరిగొచ్చి, రైతులు పంచుకున్న భూములు మళ్లీ లాక్కోవడం మొదలుపెట్టారు. పల్లెవాసి దృష్టిలో సైనికుడు ఎవరి పక్కన నిలబడ్డాడో వాళ్ల మనిషే. ఢిల్లీలో ఏ ఉద్దేశంతో పంపారో వాడికెందుకు?

కమ్యూనిస్టు గెరిల్లా దళాలు మైదానం వదిలి పాల్వంచ, ఇల్లెందు అడవుల్లోకి జరిగాయి. అక్కడ వాటికి తిండి, కబురు, దారి అన్నీ కోయగూడేలే. దళం చేతికి చిక్కకపోయేసరికి సైన్యం, పోలీసులు గూడేల మీద పడ్డారు. ఇళ్లు తగలబెట్టి, జనాన్ని తోలుకొచ్చి క్యాంపుల్లో పెట్టారు. కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో ఈ క్యాంపుల గురించీ, అక్కడ రోగాలతో పోయిన కోయల గురించీ రాశారు. ఆయన ఒక పక్షం మనిషి, నిజమే. కానీ పోడు, ఇప్పచెట్టు, పశువులు, వేల్పుల చోటు అన్నీ వదిలి వచ్చిన కుటుంబం క్యాంపులో ఏం తిని బతుకుతుందో ఊహించడానికి ఏ పార్టీ పుస్తకమూ అక్కర్లేదు. ఆ రోజుల్లోనే మలయాలో బ్రిటిష్ సేనాని బ్రిగ్స్ పథకం కింద అడవి అంచున ఉన్న చైనా రైతులను లక్షల సంఖ్యలో కంచెల ఊళ్లలోకి తరలించారు. ఇక్కడి అధికారుల ఆలోచనా అదే: దళానికి జావ పోసే చెయ్యి లేకుండా చెయ్యడం.

అది పని చేసిందా? యుద్ధం లెక్కలో చేసిందనే చెప్పాలి. దళాలు చితికిపోయాయి. 1951 అక్టోబర్‌లో పోరాట విరమణ ప్రకటన వచ్చింది. కానీ కొద్ది నెలలకే ఎన్నికలు జరిగాయి. నల్లగొండలో కమ్యూనిస్టు నేత రావి నారాయణరెడ్డికి వచ్చిన ఓట్లు నెహ్రూకు వచ్చిన ఓట్లను దాటాయి. ఖమ్మం లోక్‌సభ స్థానంలో కమ్యూనిస్టుల వేదిక పీడీఎఫ్ తరఫున టి.బి. విఠల్‌రావు గెలిచారు. తుపాకీ దించేసిన పార్టీకి భయపడి ఓటేసే అవసరం ఎవరికీ లేదు. సైన్యం అడవిని గెలిచింది గానీ జనాన్ని గెలవలేదనడానికి ఇంతకంటే రుజువు నాకు కనబడదు.

2005లో సరిహద్దుకు అవతల, ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడలో, మావోయిస్టులను అణచడానికి సల్వాజుడుం పేరుతో మళ్లీ అదే పాఠం చదివారు. ఊళ్లు ఖాళీ చేయించి ఎర్రబోరు, దోర్నపాల్ లాంటి రోడ్డుపక్క క్యాంపుల్లో పెట్టారు. ఆదివాసీ యువకులను నెలకు మూడు వేల గౌరవవేతనం ఇచ్చి ప్రత్యేక పోలీసు అధికారులన్నారు. 2011 జులై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఆ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చారు. అప్పటికే వేలమంది సరిహద్దు దాటి చర్ల, దుమ్ముగూడెం, చింతూరు అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. మనం గుత్తికోయలంటున్నది వాళ్లనే.

అన్నలను, అంటే మావోయిస్టులను, వదిలిపెట్టి మాట్లాడితే ఈ లెక్క దొంగలెక్క అవుతుంది. ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసి నడిబజారులో చంపిన ప్రతి మనిషికీ ఒక ఇల్లుంది, చుట్టాలున్నారు. ఆ చావులు దళానికి అన్నం పెట్టిన గడపలనే మూయించాయి. గూడేనికి జెండా రంగుతో పని లేదు.

గుత్తికోయలకు ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ లేదు, పోడు పట్టా లేదు. 2022 నవంబర్‌లో చంద్రుగొండ మండలంలో గుత్తికోయలతో పోడు తగాదా ఒక అటవీ రేంజ్ అధికారి ప్రాణం తీసింది. ఆ హత్యను సమర్థించేవాళ్లు ఈ సభలో ఉండరు. అలాగే, దాన్ని సాకుగా తీసుకుని గుడిసెలన్నీ పీకించమనేవాళ్లూ ఉండకూడదని నా మనవి. ఒకసారి సైన్యం ఇక్కడి కోయలను ఖాళీ చేయించింది, ఒకసారి జుడుం వీళ్లను ఖాళీ చేయించింది; మూడోసారి మనం ఆ పని చేయవద్దు. వాళ్ల హోదా ఏమిటో తేల్చమని సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను అడగండి.