పొక్కుల జబ్బు – ఓడ ప్రయాణము



నేను వైద్యుడను గాను. కచేరీ కాగితముల నడుమ కాలము గడుపువాడను. అయినను మన డైరీ ఫార్మ్‌లో మా పొరుగున నున్న తెలుగు సోదరునికి వచ్చిన పెంఫిగస్ అను చర్మవ్యాధిని దగ్గరనుండి చూచితిని. తెలిసికొన్నది నలుగురికి చెప్పుట నా విధియని తలచుచున్నాను.

మొదట ఆయన నోట పుండ్లు లేచినవి. నోటిపూత యనుకొని నెలలు గడిపినారు. పిమ్మట వీపున, ఎదపైన నీటిపొక్కులు పుట్టి, చిట్లి, పచ్చిపుండ్లయినవి. అంటువ్యాధియని కొందరు ఆ యింటి గడప తొక్కుట మానిరి. అది పొరపాటు; ఈ వ్యాధి అంటునది కాదు. చర్మకణములను ఒండొంటితో బంధించియుంచు డెస్మోగ్లీన్ అను మాంసకృత్తును మన దేహరక్షణశక్తియే శత్రువని భ్రమించి యెదుర్కొనును. బంధము తెగినచోట పొక్కు లేచును.

స్టెరాయిడ్లు రాకమునుపు ఈ రోగులలో పెక్కుమంది మరణించెడివారు. 1950 దశకము నుండి ఆ మందులు ప్రాణదాతలైనవి. 1984లో ఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన డాక్టరు పస్రీచాగారు పల్స్ చికిత్సను ప్రకటించిరి. నాలుగు వారముల కొకమారు, వరుసగా మూడు దినములు, 100 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్‌ను గ్లూకోజు నీటితో రక్తనాళములోని కెక్కింతురు. రెండవనాడు 500 మిల్లీగ్రాముల సైక్లోఫాస్ఫమైడ్ చేర్తురు. నేడు రిటుక్సిమాబ్ అను మందును గలదు.

అయితే కాచు మందే కనిపెట్టి యుండనిచో కీడు చేయును. స్టెరాయిడ్ వలన రక్తములో చక్కెర, రక్తపు పోటు పెరుగును, ఎముకలు గుల్లబారును, అణగియున్న క్షయ తిరిగి లేవవచ్చును. సైక్లోఫాస్ఫమైడ్ తెల్లకణములను తగ్గించును, సంతానశక్తిని హరింపవచ్చును. కావున యువదంపతులు ముందుగనే వైద్యుని సంప్రదింపవలెను. జ్వరము వచ్చినచో ఆనాడే చూపించుకొనవలెను.

మా పొరుగువారు పుండ్లు మానినవి గదాయని మాత్రలు ఇంట విడిచి, సెలవుపై విశాఖపట్టణమునకు ఓడ నెక్కిరి. రెండవనాటికి వాంతులు, నిస్సత్తువ, కండ్లు తిరుగుట. సముద్రపు వికారమని తోడివారందరు తలచిరి. ఆయన భార్య మాత్రము పాత చీటీని వెదకి తీసి ఓడ వైద్యునికి చూపినది. ఆ చీటీయే ఆయనను బ్రతికించినది. చిరకాలము స్టెరాయిడ్ పుచ్చుకొన్న దేహము తనకు కావలసిన హార్మోనును తానే తయారుచేసికొనుట మరచును. హఠాత్తుగ మానినచో ప్రాణాపాయము. వైద్యుని మాటపై క్రమక్రమముగ తగ్గింపవలసినదే.

సోదరులారా! ద్వీపవాసులమైన మనకు ఓడ తప్పదు. మాత్రలు పెట్టెలో గాక చేతిసంచిలో నుండవలెను. వాటితో చీటీయు నుండవలెను. రోగి యింటి గడప మనము తొక్కుచుండవలెను.

సెలవు.