ఉయ్యాలలో మొదలయ్యే చదువు
(అన్నూరు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

రైల్వేలో గుమాస్తా పని చేసుకొనే మావంటి వారికి, మెట్రిక్యులేషనుతో చదువు ఆగిన వారికి, పసిపిల్లల మనస్సును గూర్చి మాట్లాడే అర్హత ఏమున్నదని మీరు అడుగవచ్చును. పండితులుగా మేము ఇక్కడ నిలువలేదు. పిల్లలున్న ఇంటివారిగా, చదివి తెలుసుకొన్న నాలుగు సంగతులను మీతో పంచుకొనుటకు నిలిచినాము. సంఘము వారు ఈ అవకాశమిచ్చినందుకు కృతజ్ఞులము.

ఈనాడు మన ఇండ్లలో తరచు వినబడే మాట ఒకటి కలదు. "ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, బడిలో ఇంగ్లీషు. ఇన్ని భాషలు పసివాని నెత్తిన పెడితే వాడు తికమకపడడా? ఉన్నవాటిలో ఉపయోగము లేనిది తెలుగే గనుక దానిని మానిపిస్తే పోలేదా?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. బిడ్డ మేలు కోరి అడిగే ప్రశ్నే ఇది. కాబట్టి దీనికి కోపముతో గాక, తెలిసిన విషయములతో జవాబు చెప్పవలెను.

మొదట, పసిబిడ్డ చదువు ఎప్పుడు మొదలవుతుంది? పలక పట్టిన రోజున అని మనము అనుకొంటాము. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పుట్టి మూడు రోజులైనా నిండని శిశువులను పరీక్షించినారు. శిశువు నోటిలో పాలపీక పెట్టి, చెవులకు ఇయర్‌ఫోనులు అమర్చినారు. పీకను ఒక తీరున చప్పరిస్తే తల్లి గొంతు వినబడుతుంది. మరొక తీరున చప్పరిస్తే వేరొక స్త్రీ గొంతు వినబడుతుంది. ఆ శిశువులు తల్లి గొంతు వినబడే తీరునే ఎక్కువగా పట్టుకొన్నారు. అనగా తల్లి గొంతును కడుపులో ఉండగానే విని గుర్తుపెట్టుకొన్నారన్న మాట. మన అవ్వలు కడుపుతో ఉన్న పిల్ల దగ్గర మంచి మాటలు మాట్లాడమని చెప్పేవారు. వారి మాటను తేలికగా తీసివేయుటకు లేదు.

రెండవ సంగతి మరింత ఆశ్చర్యకరము. 1984లో కెనడా దేశములో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనేవారు హిందీలోని త, ట అనే ధ్వనులను ఇంగ్లీషు ఇండ్లలోని పిల్లలకు వినిపించినారు. ఇంగ్లీషులో ఈ భేదము లేదు. ఆరు నుండి ఎనిమిది నెలల పిల్లలు ఆ రెంటినీ వేరువేరుగా గుర్తించినారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి వారిలో చాలమందికి ఆ భేదము తెలియకుండా పోయింది. రోజూ హిందీ వినే ఇంటి పిల్లలకు మాత్రము అది నిలిచియున్నది. పుట్టిన పిల్లవాని చెవి అన్ని భాషలకు తెరచియుంటుంది. ఏడాది తిరిగేలోగా తాను వినే భాషలకు తగినట్లు అది కుదురుకొంటుంది.

ఇది మన ఇంటికి ఎట్లు వర్తించునో చూడండి. మన తెలుగులో కుడి వేరు, గుడి వేరు; పాట వేరు, బాట వేరు. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరము. ప, బ లకు ఒకటే అక్షరము. ఈ భేదము మన బిడ్డకు బడి పుస్తకములో దొరకదు, ఇంటిలో పెద్దల నోట దొరకవలసినదే. అట్లే తమిళములో 'పళము' అనునప్పుడు పలికే ఆ ప్రత్యేకమైన ధ్వని మన తెలుగులో లేదు. వీధిలో తమిళ పిల్లలతో ఆడుకొనే మన పిల్లవాడు దానిని కూడ ఉచితముగా సంపాదించుకొంటాడు. రెండు వైపులా లాభమే.

ఇక తికమక సంగతి. పూర్వము గొప్ప చదువులు చదివిన వారు సైతము రెండు భాషలు పిల్లల తెలివిని మందగింపజేస్తాయని వ్రాసినారు. 1962లో కెనడాలోని మాంట్రియల్ నగరములో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ పదేండ్ల పిల్లలను పరీక్షించగా, రెండు భాషలు బాగుగా వచ్చినవారే తెలివి పరీక్షలలో మెరుగుగా ఉన్నట్లు తేలింది. ఆ మేలు ఎంత అన్నదానిపై తరువాతి వారిలో వాదములున్నవి. కాని రెండు భాషలవల్ల బిడ్డ మెదడుకు చెరుపు కలుగుతుందన్న పాత భయమునకు ఆధారము దొరకలేదు.

మా రైల్వే భాషలో చెప్పుకొందాము. సింగిల్ లైనుపై ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే ప్రమాదమే. పిల్లవాని మనస్సు సింగిల్ లైను అని ఆ పాతవారు అనుకొన్నారు. అది డబుల్ లైను అని తరువాతి పరిశోధన చెప్పుతున్నది. మన పిల్లలు ఒకే వాక్యములో సగము తెలుగు, సగము తమిళము కలిపివేస్తారు. చేతికి అందిన మాటను వాడుకొనుటయే అది. దానిని రోగమని భయపడనక్కరలేదు. ఒక్క తెలుగు మాటలే లెక్కించితే తక్కువగా కనబడవచ్చును. రెండు భాషల మాటలు కలిపి లెక్కించితే ఇతర పిల్లలకు సాధారణముగా తీసిపోరు. అయితే ఒక హెచ్చరిక. ఏడాదిన్నర దాటినా ఒక్క మాటైనా రాకపోయినా, రెండేండ్లు నిండినా రెండు మాటలు కలిపి పలుకకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా, "రెండు భాషల ఇల్లు కదా" అని ఊరకుండక డాక్టరుకు చూపి చెవులు పరీక్ష చేయించవలెను.

మన హైదరాబాదు నుండి కూడ ఒక సాక్ష్యమున్నది. అచ్చటి నిమ్స్ ఆసుపత్రిలో డాక్టరు సువర్ణ అల్లాడి, ఆమె తోటివారు, మతిమరుపు వ్యాధితో వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ప్రకటించినారు. ఒకే భాష వచ్చినవారికంటె, ఒకటికి మించి భాషలు వచ్చినవారికి ఆ వ్యాధి సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా వచ్చినట్లు వారి లెక్క. చదువురాని వారిలోనూ ఈ తేడా కనబడింది. చిన్ననాట ఉచితముగా వచ్చిన రెండవ భాష ముసలితనములో కూడ ఉపయోగపడవచ్చునన్న మాట.

మాట ఒక్కటే చాలునా? చాలదు. 2002లో 'యంగ్ లైవ్స్' అనే పేరుతో, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము వారు నడిపిన పరిశోధన నాటి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైనది. శ్రీకాకుళము, పశ్చిమ గోదావరి, అనంతపురము, కడప, కరీంనగరు, మహబూబ్‌నగరు జిల్లాలలోను, హైదరాబాదులోను సుమారు 3000 మంది తెలుగుదేశపు పిల్లలను ఎంచుకొని ఏండ్ల తరబడి మరల మరల చూచి వచ్చినారు. పసితనములో తిండి చాలక పొడుగు ఎదగని పిల్లలు తరువాతి చదువు పరీక్షలలో కూడ సగటున వెనుకబడినారు. కొందరు ఆలస్యముగానైనా కోలుకొన్నారు. వారి చదువూ మెరుగుపడింది. రెండేండ్లు నిండేసరికి బిడ్డ మెదడు పెద్దవారి మెదడు పరిమాణములో నూటికి సుమారు 80 పాళ్లకు వస్తుంది. ఆ రెండేండ్లలో బిడ్డ కంచములో ఏమున్నదన్నది చదువు సంగతే. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి పథకమును ఆరంభించినది. మన ఊళ్లలోని బాలవాడులు ఆ పథకములోనివే. బాలవాడి గుడ్డు, అన్నము పేదవారికి మాత్రమేనని చిన్నచూపు చూడక, పిల్లలను పంపండి.

తల్లులు మమ్ములను అడిగే మరొక ప్రశ్న: "పనిలో ఉన్నప్పుడు ఫోను చేతికిస్తే తెలుగు పాటలు అదే నేర్పుతుంది కదా?" 2003లో అమెరికాలో పెట్రీషియా కూల్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె తోటివారు, తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపించినారు. మనిషి ఎదుట కూర్చుండి 12 పర్యాయములు ఆడించి మాట్లాడితే పిల్లలు ఆ ధ్వనులను పట్టుకొన్నారు. అవే మాటలు టెలివిజనులో చూపితే ఏమియు పట్టుకొనలేదు. బిడ్డ "ఊ" అంటే తిరిగి "ఊ" అనే మనిషి కావలెను. ఏడాది నిండని పిల్లలకు తెరలు అసలే వద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది.

మన ప్రాంతపు విశేషము ఒకటి చెప్పవలెను. ఇటలీ దేశపు మారియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధము మూలమున ఈ దేశములోనే ఏండ్ల తరబడి ఉండిపోయినారు. అందులో కొంతకాలము నాటి మధుర జిల్లాలోని కొడైకానలులో గడిపినారు. పసివాని మనస్సు చుట్టుపక్కల ఉన్నదానిని తనకు తెలియకుండగనే పీల్చుకొంటుందని ఆమె బోధ. ఆ విషయముపై ఆమె ఈ దేశములో చేసిన ప్రసంగములే 1949లో అడయారులో గ్రంథముగా వెలువడినవి. పిల్లల చేతికి పని ఇవ్వమని ఆమె చెప్పినారు. చిక్కుడుకాయలు ఒలిపించండి, బియ్యములో రాళ్లు ఏరించండి. వామనగుంటలు ఆడించండి, లెక్క వస్తుంది. పొడుపుకథలు వేయండి, ఆలోచన వస్తుంది. వీటికి డబ్బు అక్కరలేదు.

సోదరులారా, మన పూర్వులు విజయనగర, మధుర నాయకరాజుల కాలము మొదలుకొని తరతరములుగా ఈ కొంగునాటికి, మధుర సీమకు వచ్చి స్థిరపడినారు. దున్నినారు, నేసినారు, వ్యాపారము చేసినారు. తమిళులతో అన్నదమ్ములవలె కలిసిపోయినారు. చాల ఇండ్లలో తెలుగు అక్షరము పోయినా తెలుగు మాట మిగిలినది. 2006 నాటి చట్టముతో తమిళము బడులలో తప్పనిసరి అయినది. తమిళము మన పిల్లలు చక్కగా నేర్వవలసిన భాష. అన్నము పెట్టిన నేల భాష. అది బడిలోను, బజారులోను ఎట్లయినను వస్తుంది. తెలుగుకు మాత్రము మన వంటయిల్లు, మన పంచ తప్ప వేరే బడి లేదు. ఒక్క తరము తల్లిదండ్రులు పిల్లలతో మాట్లాడుట మానివేస్తే, ఇన్ని వందల ఏండ్లు నడిచివచ్చిన మాట ఆ ఇంటితో ఆగిపోతుంది. ఆ పిల్లవాడు తన అవ్వతో మనసు విప్పి మాట్లాడలేడు.

మన తెలుగులో తమిళపు మాటలు కలిసినవని, ఆంధ్ర పత్రికల తెలుగువలె లేదని సిగ్గుపడే వారున్నారు. బిడ్డకు కావలసినది శుద్ధమైన భాష కాదు, ప్రేమతో తన కళ్లలోకి చూచి పలికే భాష. మీకు వచ్చిన తెలుగుతోనే మాట్లాడండి.

చివరగా మా మనవి మూడు మాటలలో. ఉయ్యాలలోని బిడ్డతో మొదలుపెట్టి ఇంటిలో తెలుగు మాట్లాడండి. రాత్రి పడుకొనే ముందు అవ్వచేత, తాతచేత ఒక కథ చెప్పించండి. పిల్లలు అయిదారేండ్ల వారైన తరువాత అక్షరములు నేర్పుటకు మన సంఘము ఆదివారపు తరగతి ఒకటి పెట్టవలెను. ఆ తరగతికి పలకలు కొనుటకు, సెలవు దినములలో కూర్చుండి నేర్పుటకు మావంటి గుమాస్తాలము సిద్ధముగా ఉన్నాము. వచ్చే ఉగాదికి ఈ వేదికపై పెద్దల ప్రసంగములు కొన్ని తగ్గించి, మన పిల్లలచేత తెలుగులో మాట్లాడించుదాము.