కాస్తు ఒకరిది, పైసలు ఇంకొకరికి

(ఉద్యోగులు, విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యమంల మనం నీళ్లు, నిధులు, నియామకాలు అడిగినం. ఆ మూడింట్ల ఇయ్యాల నిధుల ముచ్చట ఒక్కటే మాట్లాడుకుందాం. అదీ రైతు పేరు మీద పంచిన నిధుల గురించి.

2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైంది. సీజన్‌కు ఎకరానికి 4 వేలు. మొదటి ఏడాది బడ్జెట్‌ల 12 వేల కోట్లు పెట్టిన్రు. 2019ల 5 వేలు చేసిన్రు. పాస్‌బుక్కు ఉన్న రెండెకరాలాయనకు అది ఆసరా అయింది, మిత్తికి తెచ్చే బాధ కొంత తప్పింది. దాన్ని మనం కాదనం.

కాని లెక్క చూడుండ్రి. ఏడాదికి ఎకరానికి 10 వేలంటే, ఎకరంన్నర ఉన్నాయనకు 15 వేలు. యాభై ఎకరాల ఆసామికి 5 లక్షలు. పరిమితి అన్న మాటే లేదు. ఆసామి పట్నంల ఉండి గట్టు మొఖం చూడకున్నా పడ్డయి. ఆ యాభైల పదెకరాలు కౌలుకు దున్నినాయనకు సున్నా! కౌలు పైసలు ఆయన కట్టాలె. ఎరువులకు, మందులకు అప్పు ఆయన తేవాలె. రాళ్లవాన పడితే మునిగేది ఆయనే. రైతుబంధు వచ్చింది గదా అని కౌలు తగ్గించిన ఆసామి మేం తిరిగిన ఊళ్లల్ల మాకు కనబడలేదు. రైతుబీమా 5 లక్షలదీ ఇదే తీరు, పాస్‌బుక్కు ఉన్న ఇంటికే. కౌలు రైతు చచ్చిపోతే ఆయన భార్య ఏ కాగితం పట్టుకొని ఆఫీసుకు పోవాలె?

ఆ కాగితం ఎందుకు లేదో కూడ చెప్పుకోవాలె. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చింది. అప్పటిసంది ఆసాములకు ఒకటే భయం, రాసిస్తే భూమి పోతదని. అందుకే కౌలంత నోటిమాట మీదనే నడుస్తది. 2011ల కౌలు రైతులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం వచ్చింది. కార్డు ఇచ్చినంత మాత్రాన యజమాని హక్కుకు ఢోకా లేదని అందులనే ఉన్నది. రాష్ట్రం వచ్చినంక ఆ కార్డుల పని పడకేసింది. భూరికార్డుల ప్రక్షాళన పేరుతోటి అనుభవదారు కాలమ్ సుత ఎత్తేసిన్రు. ఇగ కాస్తుల ఎవరున్నరో సర్కారుకు ఎట్ల తెలుస్తది?

చేయరాని పని అంటరా? ఒడిశా తన కాలియా పథకంల భూమిలేనోళ్లను కలుపుకున్నది. బెంగాల్ రికార్డుకెక్కిన బర్గాదార్లకు ఇచ్చింది. మనం కొట్లాడి విడిపోయిన ఆంధ్రల సుత 2019ల భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు ఏడాదికి 13,500 అన్నరు. ఈ మాట చెప్పుకోను మనకు కష్టమే, అయినా చెప్పుకోవాలె. కేంద్రం పీఎం కిసాన్ కూడ భూమి ఉన్నోళ్లకే, కాకుంటే అది కుటుంబానికి 6 వేల కాడ ఆగుతది, ఇన్‌కం ట్యాక్స్ కట్టెటోళ్లను పక్కన పెట్టింది.

2023 ఎన్నికల ముందు కాంగ్రెస్ గ్యారంటీలల్ల రైతుకు, కౌలు రైతుకు ఇద్దరికీ ఎకరానికి 15 వేలని రాసిన్రు. 2025 జనవరి 26న రైతు భరోసా మొదలుపెట్టిననాడు అది 12 వేలైంది. రాళ్లు, గుట్టలు, ప్లాట్లు చేసిన భూములు తీసేస్తమన్నరు, మంచిదే. కూలోళ్లకు ఆత్మీయ భరోసా అని ఉపాధి హామీల 20 రోజులు చేసినోళ్లకు 12 వేలన్నరు. కౌలు రైతు మాత్రం ఆ మొదలుపెట్టిననాడు లెక్కల లేడు.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. సకల జనుల సమ్మెల 42 రోజులు పెన్ డౌన్ చేసినోళ్లు మీరు. మనలో ఊర్ల భూమి కౌలుకిచ్చి, ఖాతాల రైతుబంధు జమైనోళ్లు తక్కువేం లేరు. మన భూమి దున్నేటాయనకు ఈ వానాకాలం ముందు ఒక కౌలు కాగితం మనమే రాసిద్దాం. విద్యార్థులు ఊరికి పోయినప్పుడు గ్రామసభల నిలబడి, ఏ సర్వే నంబర్ల ఎవరు కాస్తు చేస్తున్నరో పేర్లు చదివించి రాయించుండ్రి. ఆ జాబితా తీసుకొని మండలాఫీసుకు మనం కలిసి పోదాం.