కొత్త బ్లేడు మన కళ్ల ముందే విప్పించుకుందాం

సహం సైట్లలో పనిచేసే మనలో చాలామందికి శుక్రవారమంటే కటింగ్, గడ్డం రోజు. కొందరం సెలూన్‌కు పోతాం, కొందరం క్యాంపులోనే రూమ్మేటు చేత చేయించుకుంటాం. పనిలో హెల్మెట్, బెల్టు చూసుకునే మనం, గొంతు మీద పెట్టే బ్లేడును కూడా చూసుకోవాలి.

హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుంది. కంటికి కనపడనంత రక్తం అంటినా చాలు. బ్లేడును నీళ్లలో ముంచి తీస్తే పోదు. ఈ జబ్బు చాలామందిలో ఏళ్ల తరబడి బయటపడదు, లోపల మాత్రం కాలేయాన్ని తినేస్తుంది. గల్ఫ్ వీసా మెడికల్‌లో హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షలు చేస్తారు. పాజిటివ్ వస్తే అన్‌ఫిట్. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు మాత్రం అట్లనే ఉంటది.

అందుకే మొహమాటపడొద్దు. "నయా బ్లేడ్ లగావో భాయ్" అని అడిగి, ప్యాకెట్ మన ముందే విప్పించుకుందాం. అందరికీ రుద్దే పటిక వద్దందాం. రూములో ఎవరి రేజరు వారిదే. కత్తెర, దువ్వెనలను సబ్బుతో కడిగి, 1 వంతు బ్లీచ్, 9 వంతుల నీళ్లలో 10 నిమిషాలు ఉంచి, మళ్లీ కడిగి ఆరబెడదాం. వాడిన బ్లేడ్లను ఖాళీ డబ్బాలో వేసి మూత పెడదాం. చెత్త ఎత్తేవాళ్లూ మనలాంటి కూలీలే.

హెపటైటిస్ బి కి టీకా ఉంది. మామూలుగా 3 డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. సి కి, హెచ్‌ఐవీకి టీకా లేదు, జాగ్రత్తే దిక్కు. ఇంటికి డబ్బు పంపుదాం గానీ జబ్బు మోసుకుపోవద్దు.