నాలుగు ట్రాకుల్లో అయిదు శబ్దాలు



పొలంలో నాగటి చాళ్ళలాగే క్యాసెట్ టేపు మీద నాలుగు సన్నని ట్రాకులుంటాయి. మామూలు టేప్‌రికార్డరు ఒకవైపు రెండింటిని, తిప్పిపెడితే మిగిలిన రెండింటిని వాడుకుంటుంది. 1979లో జపాను వారి టియాక్ కంపెనీ తెచ్చిన టాస్కామ్ పోర్టాస్టూడియో 144 నాలుగింటినీ ఒకే దిశలో, విడివిడిగా నింపింది. టేపు రెట్టింపు వేగంతో నడిచేది కనుక అరవై నిమిషాల క్యాసెట్టులో పట్టేది పదిహేను నిమిషాలే.

నాలుగూ నిండితే? రెండు మూడు ట్రాకులను కలిపి ఒక ఖాళీ ట్రాకులోకి దింపి, ఆ చోట్లలో కొత్తవి ఎక్కిస్తారు. దీన్నే బౌన్స్ చేయడమంటారు. 1967లో బీటిల్స్ వారి సార్జెంట్ పెప్పర్ ఆల్బమ్ నాలుగు ట్రాకుల యంత్రాల మీద ఇలా దింపుకుంటూ తయారైనదే. కాకపోతే వాళ్ళు ఒక యంత్రం నుంచి మరొకదానికి దింపేవారు.

దింపిన ప్రతిసారీ టేపు రొద పెరుగుతుంది, తాళాల గలగల మందగిస్తుంది. హెచ్చుతగ్గులు ఒకసారి కలిపేశాక అంతే సంగతులు. అందుచేత ఏది దింపాలో, ఏది ముట్టుకోకూడదో ముందే తేల్చుకోవాలి.

బరంపురంలో మీ మామ్మగారి చేత మంగళహారతి పాడిస్తున్నారనుకోండి. చెవిలో శ్రుతి వినిపిస్తూ ఆవిడ గొంతును ఒకటో ట్రాకులో పట్టండి. దాన్ని మరి కదపకండి. ఆవిడ నడకను బట్టి రెండులో హార్మోనియం, మూడులో మృదంగం వాయించి, ఈ రెంటినీ నాలుగులోకి దింపండి. దింపినది పూర్తిగా విని, మృదంగం గొంతును మింగెయ్యడం లేదని రూఢి చేసుకున్నాకే రెండు, మూడు చెరపండి. అక్కడ కోడళ్ళ వంతపాట, చిట్టచివర తాళాలు. హార్మోనియం మళ్ళీ వాయించుకోవచ్చు, మామ్మగారు రేపు ఇలాగే పాడతారని చెప్పలేం గదా!

ఈ యంత్రాలు ఇప్పుడు అరుదు. క్యాసెట్లు మాత్రం గంజాం ఇళ్ళలో ట్రంకుపెట్టెల అడుగున ఉండవచ్చు. ఏదైనా మామూలు ప్లేయరులో పాట సాగదీసినట్టు వినిపించి, తిప్పిపెడితే వెనక్కి నడిస్తే, పాడైపోయిందని పారెయ్యకండి. అది నాలుగు ట్రాకులది కావచ్చు. సముద్రపు చెమ్మకు తెల్లటి బూజు పట్టి ఉంటే శుభ్రం చేయించకుండా తిప్పవద్దు. వెనుక అంచున ఉన్న రెండు చిన్న రెక్కలూ విరిచేస్తే పొరపాటున దాని మీద మరొకటి రికార్డు కాదు. ఆ తరువాతే, నాలుగు ట్రాకుల యంత్రం ఉన్నవారి చేత నాలుగింటినీ విడివిడిగా కంప్యూటరులోకి ఎక్కించుకోండి.

సెలవు.