తెర మీద ఆంగ్లం, తరగతిలో చర్చ

(ఆంగ్ల అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హిందీ నుండి తెలుగులోకి అనువాదాలు చేసుకొనే నన్ను ఆంగ్ల బోధన గురించి మాట్లాడవలసిందిగా కోరడం మీ ఔదార్యం. నేను ఆంగ్ల అధ్యాపకుణ్ణి కాను. అయితే రెండు భాషల నడుమ నిత్యం రాకపోకలు సాగించే వానికి కొన్ని విశేషాలు ఎదురవుతూ ఉంటాయి. ఒక మాట చూడండి. హిందీలో ‘శిక్ష’ అంటే చదువు. తెలుగులో అదే మాటకు దండన అని అర్థం. అనువాదకుడు ఏమరుపాటున ఉన్నాడంటే విద్యాశాఖ మంత్రిగారు కాస్తా దండనల మంత్రి అయిపోతారు! నవ్వుకోవడానికి ఇది బాగానే ఉన్నది. కాని మన పల్లెటూరి పిల్లలకు ఆంగ్ల తరగతిలో ఈ రెండు అర్థాలూ ఒకటైపోతున్నాయేమోనని నా భయం.

నేను తెలుగు మాధ్యమంలో చదువుకున్నవాణ్ణి. పదవ తరగతి వరకు మాకు ఆంగ్లం కంటితో చదివే భాషే గాని చెవితో వినే భాష కాదు. పాఠాన్ని తెలుగులో చెప్పేవారు. జవాబులు బట్టీ పట్టేవాళ్ళం. మార్కులు వచ్చేవి. ఎం.ఏ. చదవడానికి ఉత్తరాదికి వెళ్ళినప్పుడు, మొదటి వారంలోనే ఒక కార్యాలయంలో గుమస్తా నన్ను ఆంగ్లంలో ఏదో అడిగాడు. రెండవసారి అడిగాడు. నాకు ఒక్క ముక్క బోధపడలేదు. చివరికి విసుగుతో ఫారం మీద ఒక వాక్యం చూపించాడు. కాగితం మీద చూస్తే ఆ వాక్యం నాకు కొట్టినపిండి! నా వెనుక వరుసలో నిలబడిన వారు నవ్వారు. ఆ నవ్వు తరువాత చాలా కాలం నేను ఆంగ్లంలో నోరు విప్పలేదు. చదవడం వచ్చినా వినడం రాని లోపం ఎంతటిదో ఆనాడు నాకు తెలిసివచ్చింది. విననివాడు మాట్లాడలేడు. మాట్లాడనివానికి నలుగురిలో చోటు దొరకదు.

దృశ్య శ్రవణ సాధనాలతో ఈ లోటు తీర్చవచ్చునన్న ఆలోచన మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు మన దేశంలో ‘సైట్’ అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం జరిగింది. నాసా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సహాయంతో ఇస్రో నిర్వహించిన ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్, బీహార్, కర్ణాటక, మధ్యప్రదేశ్, ఒరిస్సా, రాజస్థాన్ రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పెట్టెలు అందాయి. ఉదయం పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు ప్రసారమయ్యేవి. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ నిధుల సంఘం దూరదర్శన్ ద్వారా కళాశాల విద్యార్థుల కోసం దేశవ్యాప్త తరగతి గది కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇవన్నీ మనం గర్వించదగిన ప్రయత్నాలే. కాని ఆ పాఠం తన వేళకు వచ్చి, తన వేగాన సాగి, తన దారిన వెళ్ళిపోయేది. అర్థం కాని పిల్లవాడు చేయెత్తినా తెర ఆగేది కాదు.

2005లో యూట్యూబ్ మొదలైంది. మరుసటి ఏడాది ‘టెడ్’ సంస్థ తన వేదికపై జరిగే ప్రసంగాలను ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా ఉంచనారంభించింది. నేడు ఒక సెల్‌ఫోను, ఒక చిన్న స్పీకరు ఉన్న ఏ బడిలోనైనా ఇటువంటి వీడియోను చూపవచ్చు. దానిని మధ్యలో ఆపవచ్చు, వెనుకకు తిప్పవచ్చు, వేగం తగ్గించవచ్చు, మాటలను తెర అడుగున అక్షరాలలో చూడవచ్చు. నా దృష్టిలో వీటన్నిటిలో విలువైనది ఆ ఆపే మీట. తెర ఆగినప్పుడే తరగతి మాట్లాడుతుంది.

ఒక ఉదాహరణతో చెబుతాను. నైజీరియా రచయిత్రి చిమమాండా అడీచీ 2009లో టెడ్ వేదికపై ‘ద డేంజర్ ఆఫ్ ఎ సింగిల్ స్టోరీ’ అనే ప్రసంగం చేశారు. ఒకే కథ వల్ల వచ్చే ప్రమాదం అని దాని భావం. నిడివి ఇరవై నిమిషాల లోపే. నైజీరియాలో వందలాది భాషలున్నాయి. అధికార భాష ఆంగ్లం. బాల్యంలో ఆమె చదివినవి ఎక్కువగా బ్రిటిష్, అమెరికన్ పుస్తకాలు. అందువల్ల తాను రాసిన తొలి కథలలో పాత్రలన్నీ తెల్లవారే. వారు మంచులో ఆడుకునేవారు, యాపిల్ పండ్లు తినేవారు. ఆమె ఊళ్ళో మంచూ లేదు, యాపిలూ లేదు. వారింట పనిచేసే కుర్రవాని కుటుంబం కడు పేదదని తల్లి చెప్పేవారు. ఒకనాడు వారి ఊరికి వెళ్ళి ఆ కుర్రవాని సోదరుడు అల్లిన అందమైన రంగుల బుట్టను చూసి ఆమె నివ్వెరపోయారు. పేదరికం తప్ప మరేదీ ఆ ఇంట ఉండగలదని అప్పటిదాకా ఆమెకు తోచలేదు. పందొమ్మిదవ ఏట చదువు కోసం అమెరికా వెళ్ళినప్పుడు అదే కథ ఆమెకు ఎదురు తిరిగింది. ఇంత చక్కని ఆంగ్లం ఎక్కడ నేర్చావని గదిలో తోటి విద్యార్థిని ఆశ్చర్యపోయింది.

నేను ఉత్తరాది హాస్టల్లో అడుగుపెట్టిన నాడు నా గదిమిత్రుడు వేసిన మొదటి ప్రశ్న, “నువ్వు మద్రాసీవా?” అని. మాది తెలుగుదేశమని, మద్రాసు మాకు పొరుగు రాష్ట్రపు రాజధాని అని అతనికి వివరించడానికి ఒక పూట పట్టింది. అంతటితో అయిపోతే నేనే గెలిచానని ఇంటికి ఉత్తరం రాసేవాణ్ణి. అతను బీహారు వాడు. బీహారంటే కూలికోసం రైళ్ళలో వచ్చే జనమనే నేనూ అనుకునేవాణ్ణి. అతని ఇంటి భాష హిందీ కూడా కాదు, మైథిలి. విద్యాపతి మహాకవి భాష అది. 2003లో చేసిన రాజ్యాంగ సవరణ ద్వారా ఎనిమిదవ షెడ్యూలులో చేరిన భాష. హిందీలో ఎం.ఏ. చదవవచ్చిన నాకు ఆ సంగతి తెలియదు. అతని దగ్గర నా గురించి ఒకే కథ ఉన్నట్టే, నా దగ్గరా అతని గురించి ఒకే కథ ఉన్నది.

ఈ ప్రసంగాన్ని ఒక డిగ్రీ కళాశాల తరగతిలో చూపుతుండగా నేనూ వెళ్ళి కూర్చున్నాను. అక్కడి అధ్యాపకురాలు అనుసరించిన పద్ధతి మీతో పంచుకోదగినది. ఆమె మొత్తం వీడియో చూపలేదు. మూడు నిమిషాల భాగం ఎన్నుకున్నారు. మొదట అక్షరాలు లేకుండా వినిపించి, చెవిన పడ్డ మాటలను మాత్రం రాసుకోమన్నారు. ఒకరికి అయిదు, ఒకరికి పది దొరికాయి. పక్కవారితో సరిపోల్చుకోమన్నారు. రెండవసారి వేగం తగ్గించి వినిపించారు. మూడవసారి అక్షరాలతో చూపారు. తాము విన్న మాట తెర మీద కనబడగానే పిల్లల ముఖాలు వెలిగాయి. ఆ తరువాత తెర ఆపి ఒక ప్రశ్న వేశారు: “మీ ఊరి గురించి బయటివారు చెప్పే ఒకే కథ ఏమిటి?” ముందు తెలుగులో మాట్లాడుకోండి, తరువాత రెండు వాక్యాలు ఆంగ్లంలో చెప్పండి అన్నారు.

తరగతి కొంతసేపు నిశ్శబ్దంగా ఉన్నది. చివరి బల్ల మీదనుండి నల్లగొండ ప్రాంతపు అమ్మాయి లేచింది. “మా ఊరి పేరు చెప్పగానే అందరూ ఫ్లోరైడు నీళ్ళ గురించే అడుగుతారండీ. మా అమ్మ పెంచిన బత్తాయి తోట గురించి ఎవ్వరూ అడగరు” అన్నది. తరువాత తడబడుతూ ఆంగ్లంలో, “మై విలేజ్ ఈజ్ నాట్ ఓన్లీ వాటర్” అన్నది. ఎవ్వరూ నవ్వలేదు. మరొక విద్యార్థి లేచి, “ఫ్లోరైడు నిజమే కదా, దాచుకోవడమెందుకు?” అని అడిగాడు. అక్కడినుండి చర్చ మొదలైంది. ఒకే కథ అబద్ధమే కానక్కరలేదు, నిజమై ఉండి కూడా అది చాలదు అన్న అడీచీ ప్రసంగసారాన్ని ఆ పిల్లలు తమంతట తామే పట్టుకున్నారు. గంట కొట్టినా లేవలేదు.

ఆ అమ్మాయి వాక్యంలో వ్యాకరణం తరువాత దిద్దుకోవచ్చు. ఆమెకు చెప్పవలసిన సంగతి ఒకటి ఉన్నది, వినే చెవులు ఉన్నాయి. అందుకే ఆమెకు భాష దొరికింది. అందుకు దారి తీసింది ముందుగా తెలుగులో ఆలోచించుకొనే స్వేచ్ఛ. మాతృభాషను గుమ్మం బయట నిలబెడితే ఆంగ్లం తొందరగా లోపలికి వస్తుందనుకోవడం పొరపాటు. అనువాదకునిగా నా అనుభవమూ ఇదే. ఒక భాషలో స్పష్టపడని భావం మరో భాషలో స్పష్టపడదు.

కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. అధ్యాపకులు వీడియోను ముందుగా కనీసం రెండుసార్లు చూసి, ఎక్కడ ఆపాలో గుర్తు పెట్టుకోవాలి. యంత్రం తనంతట తాను రాసే అక్షరాలు పేర్ల దగ్గర, యాసల దగ్గర తప్పుతూ ఉంటాయి. ఆ తప్పులను పిల్లలచేత పట్టించడం కూడా మంచి పాఠమే. ఒకే దేశపు ఉచ్చారణ వినిపించవద్దు. డాక్టర్ అబ్దుల్ కలాం 2007 ఏప్రిల్‌లో యూరోపియన్ పార్లమెంటులో చేసిన ప్రసంగం వినిపించండి. రామేశ్వరం పడవల నడుమ పుట్టిన గొంతును ఐరోపా ప్రతినిధులు శ్రద్ధగా విన్నారని పిల్లలకు తెలియాలి. ఒకే ప్రశ్నకు ఒకే జవాబు వచ్చేటట్టయితే అది పరీక్ష అవుతుంది, చర్చ కాదు. కులం, ప్రాంతం, పేదరికం వంటి విషయాలు వచ్చినప్పుడు ఎవ్వరినీ బలవంతంగా మాట్లాడించవద్దు. సెల్‌ఫోను విద్యార్థి చేతిలో ఒంటరిగా ఉంటే ఒక వీడియో నుండి మరొక వీడియోకు లాక్కుపోతుంది. అదే తరగతి నడుమ ఉంటే నలుగురిని కలుపుతుంది. తెర ఉపాధ్యాయునికి సహాయం చేయగలదు గాని ఆయన స్థానాన్ని తీసుకోలేదు. ఎప్పుడు ఆపాలో తెరకు తెలియదు గదా!

మిత్రులారా! ఈ దేశంలో పొరుగువాని గురించి మన వద్ద ఒక్కొక్క కథే ఉన్నది. రెండవ కథ వినడానికి ఒక్కోసారి ఆంగ్లం వారధి అవుతుంది, ఒక్కోసారి హిందీ, ఒక్కోసారి అనువాదం. ఏ వారధి అయినా దాటేవానికి భయం లేకుండా ఉండాలి. వరుసలో నిలబడి నవ్వులపాలైన కుర్రవాని అనుభవం మీ విద్యార్థులకు కలగకూడదు. ఆ పూచీ మీది. హిందీ ‘శిక్ష’ తెలుగు ‘శిక్ష’ కాకుండా కాపాడవలసింది మీరే.